చిట్టా నుండి ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్ వరకు: తెలుగు వర్తక లేఖనంలో పాఠకుడు మారిన క్రమం

తెలుగు గద్య చరిత్రను రాసినవారు శాసనాలను, కైఫీయతులను, దండకవిలెలను, లేఖలను, పత్రికలను ఆధారాలుగా స్వీకరించారు. వర్తకుని లెక్కపుస్తకాన్ని మాత్రం గద్యంగా ఎవరూ లెక్కించలేదు. కరణం రాతకు దక్కిన పరిశోధన గౌరవం కోమటి చిట్టాకు దక్కలేదు. నిత్యం, క్రమం తప్పకుండా, వేలాది అంగళ్ళలో తరతరాలుగా తెలుగులో రాసిన రచన ఏదైనా ఉంటే అది ఈ చిట్టాయే. ఈ రాత 2020 అక్టోబరు 1 తరువాత ఒక కొత్త దశలో ప్రవేశించింది. ఆనాటి నుండి దేశంలో పెద్ద సంస్థలు, తరువాత అంచెలంచెలుగా మధ్యతరహా సంస్థలు, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన తరువాతే తమ అమ్మకపు బిల్లును బిల్లుగా చలామణి చేయవలసి వచ్చింది. ఈ మార్పును సాధారణంగా సాంకేతిక సౌకర్యంగానో పన్ను ఎగవేతకు అడ్డుకట్టగానో వివరిస్తారు. ఇది ఎనభై ఏళ్ళుగా సాగుతున్న మరొక మార్పుకు చివరి మెట్టు అన్నది ప్రస్తుత వ్యాసం ప్రతిపాదన. లెక్క ఎవరి కోసం రాయబడుతున్నది, దానిని మొదట చదివేది ఎవరు అన్న ప్రశ్నలకు 1939లో ఒక సమాధానం ఉండేది. నేడు సమాధానం వేరు. ఆ రెండు సమాధానాల నడుమ తెలుగు లేఖనభాషగా ఎక్కడ నిలిచింది, ఎక్కడ తప్పుకున్నది అన్నదే ఇక్కడి విచారణ.

వర్తకపదాలలో మూడు పొరలు

వర్తకానికి సంబంధించిన తెలుగు మాటలను వరుసగా పెట్టి చూస్తే వాటిలో మూడు పొరలు కనిపిస్తాయి. కొను, అమ్ము, వెల, బేరం, అప్పు, అరువు, తూకం వంటివి వర్తక క్రియకు చెందినవి. వీటిలో ఎక్కువ భాగం దేశ్యాలు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, నగదు, రసీదు, ఆవర్జా, గుమాస్తా వంటివి ఆ క్రియను నమోదు చేయడానికి చెందినవి. ఇవి అరబ్బీ పారశీకాల నుండి పాలనావ్యవహారం ద్వారా వచ్చాయి. బిల్లు, ఇన్వాయిస్, వోచరు, టర్నోవరు, రిటర్ను వంటివి నమోదైనదానిని మరొకరికి చూపడానికి చెందినవి. ఇవి ఆంగ్లం నుండి వచ్చాయి. చేసేది తెలుగులో, రాసుకునేది పారశీకంలో, చూపేది ఆంగ్లంలో అని స్థూలంగా చెప్పవచ్చు.

ఈ విభజన అంత నిక్కచ్చిగా లేదన్నది నిజం. పద్దు, చీటి, లెక్క అన్న మాటలు రెండవ పొర నడుమ నిలదొక్కుకున్నాయి. పారశీకపదాలు కూడా తెలుగు ప్రత్యయాలను ధరించి, పరాయివన్న స్పృహ మిగలనంతగా కలిసిపోయాయి. 'బాకీ పడ్డాడు', 'జమ కట్టాడు', 'వసూలైంది' అన్నప్పుడు ఎవరికీ అరబ్బీ గుర్తుకు రాదు. ఆధునిక వాణిజ్యశాస్త్రాన్ని తెలుగులో బోధించవలసి వచ్చినప్పుడు పాఠ్యగ్రంథకర్తలు ఈ పొర నుండే పదాలు తీసుకున్నారు. జర్నల్‌కు చిట్టా, లెడ్జర్‌కు ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్స్‌కు అంకణా, డబుల్ ఎంట్రీకి జంటపద్దు విధానం స్థిరపడ్డాయి. ఇన్వాయిస్‌కు మాత్రం అటువంటి స్థిరమైన మాట ఏర్పడలేదు. హిందీలో 'బీజక్' ఉన్నది. దానికి సాటిగా తెలుగులో 'బీజకం' అనవచ్చునేమో గాని అంగడిలో ఆ మాట అంటే అర్థం చేసుకునేవారు అరుదు. వర్తకుడు బిల్లు అంటాడు, పన్నుల కార్యాలయం ఇన్వాయిస్ అంటుంది. ఈ లోటు యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. చిట్టా, ఆవర్జా వర్తకుడు తన కోసం ఉంచుకునేవి. వాటికి తన భాషలో పేర్లు కావలసివచ్చాయి. ఇన్వాయిస్ పంపించేది. ఆ ఆంగ్లపదానికే మూలం 'పంపు' అన్న అర్థమిచ్చే ఫ్రెంచి ధాతువు. మచిలీపట్నంలో 1611లో వర్తకస్థానం నెలకొల్పిన ఆంగ్లేయుల కంపెనీ ఓడతో పాటు సరకుల జాబితాను పంపేది. ఆ జాబితా గట్టున ఉన్న దుబాసీకి పరిచయమే గాని, లోపలి ఊళ్ళ అంగడికి దానితో చాలాకాలం పని పడలేదు.

రాజ్యానికి లెక్క చూపడం కొత్తది కాదు. కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244) విదేశీ వర్తకులకు భద్రతను ప్రకటించి, కూపశుల్కాన్ని ముప్పదింట ఒక వంతుగా నిర్ణయించింది. 1358లో అనపోతారెడ్డి అదే రేవులో మరొక శాసనం వేయించాడు. అయితే అక్కడ పన్ను సరకు మీద పడింది. రేవులో దిగిన సరకును కళ్ళతో చూసి, తూచి సుంకం తీసుకునేవారు. వర్తకుని పుస్తకంతో సుంకరికి పని లేదు. ఇరవయ్యవ శతాబ్దిలో పన్ను సరకు మీద నుండి రాత మీదికి మారింది.

1939: పుస్తకానికి రెండవ పాఠకుడు

మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ప్రభుత్వం 1937 నుండి మద్యనిషేధాన్ని జిల్లాలవారీగా అమలు చేసింది. సేలం తరువాత 1938లో చిత్తూరు, కడప జిల్లాలు ఆ పరిధిలోకి వచ్చాయి. అబ్కారీ రాబడిలో పడిన గండిని పూడ్చడానికి వచ్చినదే 1939 నాటి మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టం. ఏడాదికి పదివేల రూపాయల లోపు అమ్మకం ఉన్నవారిని మినహాయించి, మిగిలిన వర్తకులందరి అమ్మకాల మొత్తం మీద పన్ను విధించింది. ఆ ప్రభుత్వం అదే ఏడాది అక్టోబరులో రాజీనామా చేసింది. పన్ను మాత్రం నిలిచిపోయింది. మద్యనిషేధం పోయిన తరువాత కూడా నిలిచింది. నిజాం రాజ్యపు తెలుగు జిల్లాలకు ఈ విధానం 1950 నాటి హైదరాబాదు సాధారణ అమ్మకపు పన్ను చట్టంతో వచ్చింది. 1957లో ఆంధ్రప్రదేశ్ చట్టం రెండు ప్రాంతాలనూ ఒకే పద్ధతి కిందికి తెచ్చింది.

ఈ చట్టాల భాషాప్రభావాన్ని ఎవరూ పట్టించుకున్నట్లు లేదు. అమ్మకాల మొత్తం మీద పన్ను అంటే ఆ మొత్తం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. రాసినది సరైనదై ఉండాలి. అధికారి అడిగినప్పుడు చూపాలి. చూపకపోతే, చూపినది నమ్మదగినదిగా లేకపోతే అధికారి తన అంచనా ప్రకారం పన్ను నిర్ణయించవచ్చు. అంతవరకు ఏకాంతంగా సాగిన రచనకు రెండవ పాఠకుడు వచ్చాడు. చిట్టా మొదటి పుటలో పసుపు బొట్టు, పైన 'శ్రీ' యథాతథంగా ఉన్నాయి. కొందరు ఉగాదికి, కొందరు దీపావళికి కొత్త పుస్తకం తెరవడమూ ఆగలేదు. లోపలి రాత మాత్రం మారింది.

మారిందనడానికి సాక్ష్యం మాటలలోనే ఉన్నది. ఉత్తరాది నుండి వచ్చిన కచ్చా, పక్కా అన్న జంట తెలుగు అంగడిలో 'కచ్చా చిట్టా', 'పక్కా చిట్టా', 'కచ్చా బిల్లు', 'పక్కా బిల్లు'గా పాతుకుపోయింది. మొదట కచ్చా అంటే చిత్తుప్రతి, పక్కా అంటే శుద్ధప్రతి. క్రమంగా కచ్చా అంటే మనకు తెలిసినది, పక్కా అంటే వాళ్ళకు చూపేది అన్న అర్థాలు వచ్చాయి. వాస్తవానికి దగ్గరగా ఉన్నదానికి పచ్చిది అన్న పేరు, దూరంగా ఉన్నదానికి పండినది అన్న పేరు స్థిరపడిన అర్థవిపరిణామం ఇది. అర్థవిపరిణామానికి పాఠ్యపుస్తకాలలో ఎప్పుడూ చీర, కంపు అన్న పాత ఉదాహరణలే ఇస్తాం. ఇటువంటివి అంగడిలో ఎన్నో దొరుకుతాయి. 'రెండో నంబరు లెక్క', పత్రికలు నేటికీ వాడే 'జీరో దందా' ఇదే కాలం సంతానం. సున్న అన్న తెలుగుమాటను వదిలి జీరోను తీసుకోవడంలో కూడా ఔచిత్యం ఉన్నది. ఆంగ్లంలో రాయవలసిన బిల్లు లేకపోవడమే ఆ వ్యాపార లక్షణం గనుక ఆ లేమికీ ఆంగ్లమే పేరైంది.

2005 ఏప్రిల్ 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో విలువ ఆధారిత పన్ను అమలైంది. అమ్మినవాడు కట్టిన పన్నును కొన్నవాడు తన పన్నులో తగ్గించుకోవచ్చు. దానికి ఆధారం కొనుగోలు బిల్లు. అమ్మకపు పన్నులో వర్తకునికి బిల్లు భారం మాత్రమే, విలువ ఆధారిత పన్నులో అది సొమ్ము. కొనుగోలుదారుడే బిల్లు అడిగే పరిస్థితి వచ్చింది. అదే తర్కం 2017 జూలై 1న వస్తు సేవల పన్నుగా దేశమంతటికీ విస్తరించింది. బిల్లు సొమ్ముతో సమానమైనప్పుడు దొంగనోటు వంటి దొంగబిల్లు కూడా తప్పదు. సరకు కదలకుండానే కాగితం మాత్రం చేతులు మారే వ్యాపారం పుట్టింది. ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్ అక్కడి నుండే వచ్చింది. ఇటలీ 2019 జనవరి నుండి దాదాపు వర్తకులందరికీ దానిని తప్పనిసరి చేసింది. చిలీ 2014 నాటి చట్టంతో అంతకుముందే ఆ దారి పట్టింది. మన దేశం విధానంలో కొత్తదనం లేదు. వ్యాప్తి మాత్రం పెద్దది.

పద్దుకు ముందు అనుమతి

2019 డిసెంబరు నోటిఫికేషన్ల ప్రకారం వంద కోట్లకు మించిన టర్నోవరు గల సంస్థలకు 2020 ఏప్రిల్ నుండి ఇది వర్తించవలసింది. అది వాయిదా పడి, 500 కోట్ల పరిమితితో 2020 అక్టోబరు 1న మొదలైంది. 2021 జనవరిలో 100 కోట్లకు, ఏప్రిల్‌లో 50 కోట్లకు, 2022 ఏప్రిల్‌లో 20 కోట్లకు, అక్టోబరులో 10 కోట్లకు, 2023 ఆగస్టు 1న 5 కోట్లకు పరిమితి దిగింది. మూడేళ్ళలోపే కార్పొరేటు కార్యాలయాల నుండి జిల్లా కేంద్రంలోని టోకు వర్తకుని గద్దె దాకా వచ్చింది. 2017-18 నుండి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలోనైనా పరిమితి దాటి ఉంటే చాలు. ఆ తరువాత వ్యాపారం తగ్గిందన్న వాదన పనికిరాదు. సిద్ధం కావలసిన వర్తకుడు మొదట చేయవలసిన పని తన పాత సంవత్సరాల లెక్క తిరగేయడమే. అది కూడా ఒక్కొక్క దుకాణం లెక్క కాదు. ఒకే పాన్ కింద దేశంలో ఉన్న అన్ని శాఖల లెక్క. వినియోగదారునికి నేరుగా అమ్మే బిల్లులు మాత్రం దీని వెలుపలే ఉన్నాయి.

క్రమం ఇది. వర్తకుడు బిల్లు వివరాలను నిర్ణీత నమూనాలో పోర్టల్‌కు పంపాలి. పోర్టల్ వాటిని సరిచూసి, 64 అక్షరాల గుర్తింపు సంఖ్యను, డిజిటల్ సంతకంతో కూడిన క్యూఆర్ కోడును తిరిగి పంపుతుంది. అవి ఉన్నదే బిల్లు. ఈ నిబంధన వర్తించే వర్తకుడు మరో విధంగా జారీ చేసిన బిల్లు బిల్లే కాదని వస్తు సేవల పన్ను నియమావళి 48వ నియమం చెబుతున్నది. కొనుగోలుదారునికి పన్ను తగ్గింపు దక్కడం కూడా సందేహంలో పడుతుంది. 1939లో అధికారి పుస్తకానికి రెండవ పాఠకుడు. రాసిన నెలలకో ఏళ్ళకో వచ్చి చదివేవాడు. ఇప్పుడు ఆ స్థానం తారుమారైంది. రాజ్యం మొదటి పాఠకుడు, కొనుగోలుదారుడు రెండవవాడు. మొదటి పాఠకుడు చదివి ఒప్పుకుంటేనే రచన ఉనికిలోకి వస్తుంది.

ఆ 64 అక్షరాలు ఎలా ఏర్పడుతున్నాయన్నది భాషాపరిశోధకునికి ఆసక్తి కలిగించే విషయం. అమ్మకందారుని పన్ను నమోదు సంఖ్య, పత్రం రకం, పత్రం సంఖ్య, ఆర్థిక సంవత్సరం అన్న నాలుగింటి నుండి గణితసూత్రం ద్వారా అది పుడుతుంది. కొన్నవాడు ఎవరు, ఏమి కొన్నాడు, ఎంతకు కొన్నాడు అన్నవి ఆ గుర్తింపులో లేవు. వెల మారినా గుర్తింపు మారదు. అందువల్ల పోర్టల్‌లో దిద్దుబాటుకు చోటు లేదు. 24 గంటల లోపు మొత్తం బిల్లును రద్దు చేయవచ్చు. రద్దయిన సంఖ్యను మళ్ళీ వాడరాదు. గడువు దాటితే క్రెడిట్ నోటో, రిటర్నులో సవరణో శరణ్యం. పాత చిట్టాలో తప్పు పడితే గీత కొట్టి పక్కన దిద్ది రాసేవారు. కొట్టివేత కింద మొదటి అంకె కనిపిస్తూనే ఉండేది. ఆ కనిపించడమే నమ్మకానికి ఆధారం. పది కోట్లు, అంతకు మించిన టర్నోవరు గలవారు బిల్లు తేదీ నుండి 30 రోజుల్లోగా నమోదు చేయాలన్న నిబంధన 2025 ఏప్రిల్ 1 నుండి వచ్చింది. దానితో తీరిక దొరికినప్పుడు పాత తేదీ వేసి రాసుకునే అలవాటుకు కాలం చెల్లింది.

పత్రం సంఖ్య 16 అక్షరాలకు మించరాదు. ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఏటవాలుగీత తప్ప మరేవీ ఉండరాదు. సున్నతోగాని గీతతోగాని మొదలు కారాదు. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అని మొదలుపెట్టి, రెండు, మూడు అని లెక్కించే మన ఆచారానికి ఈ నిషేధం ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. దేనితో మొదలు పెట్టాలన్న నియమం అక్కడా ఉన్నది, ఇక్కడా ఉన్నది. శుభం స్థానాన్ని సాంకేతికత ఆక్రమించింది, అంతే.

సిద్ధపడడంలో జరిగిన అనువాదం

వర్తకులు దీనికి సిద్ధపడడమంటే ప్రధానంగా సాఫ్ట్‌వేర్ కొనడం అని పన్నుల సలహాదారులు చెప్పారు. అంతకంటే పెద్ద శ్రమ పేర్లను మార్చడంలో ఉన్నది. ఖాతాలో 'నరసరావుపేట సుబ్బయ్యగారు' అంటే గుమాస్తాకు సరిపోతుంది, పోర్టల్‌కు సరిపోదు. కొనుగోలుదారుని చట్టబద్ధమైన పేరు, 15 అక్షరాల పన్ను నమోదు సంఖ్య, చిరునామా, పిన్ కోడు, రాష్ట్రం కోడు కావాలి. ఊరిపేరుతో, వరసతో, ఇంటిపేరుతో గుర్తుంచుకునే ఖాతాదారుల పట్టిక సంఖ్యల పట్టికగా మారాలి. ఈ సంఖ్యలలో చరిత్ర కూడా నిక్షిప్తమై ఉన్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కోడు 28. విభజన తరువాత తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 వచ్చాయి. 28 ఎవరికీ చెందక పట్టికలో మిగిలిపోయింది. 2014లో ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాలలో చింతూరు వంటి చోట్ల పిన్ కోడు నేటికీ ఖమ్మం వరుసకు చెందిన 507తోనే మొదలవుతుంది. రాష్ట్రం ఒకటి, తపాలా వరుస మరొకటి. రెండూ సరిపోయేలా రాయవలసిన బాధ్యత గుమాస్తాది.

సరకు పేర్ల విషయం ఇంకా గంభీరం. ఐదు కోట్లకు మించిన టర్నోవరు గలవారు ప్రతి సరకుకూ ఆరు అంకెల హెచ్ఎస్ఎన్ కోడు రాయాలి. ఎలక్ట్రానిక్ నమూనాలో ఈ కోడు తప్పనిసరి. సరకు వర్ణన గడి ఐచ్ఛికం. వర్ణన కూడా రాయాలని బిల్లును గూర్చిన 46వ నియమం చెబుతున్నది గాని, యంత్రం నిలదీసేది కోడునే. గుంటూరు మిర్చి యార్డులో తేజ, బ్యాడిగి, 334 అన్నవి వేరువేరు సరకులు. వేరువేరు వెలలు, వేరువేరు కొనుగోలుదారులు. ఎండుమిర్చి దంచకుండా, పొడి చేయకుండా ఉన్నంతవరకు అన్నీ 090421. పొడి చేస్తే 090422. నిజామాబాదు పసుపు కొమ్మైనా, దుగ్గిరాల పసుపు కాడైనా 091030. రైతు, కమీషను వ్యాపారి, కూలి తరతరాలుగా ఏర్పరచుకున్న వివేచన ఆరు అంకెల్లో అణగిపోతుంది. వర్తకుడు తేడాను మరచిపోతాడని కాదు. బేరం ఆ తేడా మీదే నడుస్తుంది. కాని రేపు మన పంటల చరిత్ర రాయబోయేవారికి మిగిలే అతిపెద్ద రాతప్రతి ఈ పోర్టల్‌దే అయితే, అందులో తేజ మిర్చి ఉండకపోవచ్చు.

కొలమానాలలోనూ ఇదే పరిస్థితి. యార్డులో బస్తాను 'టిక్కీ' అంటారు. ప్రభుత్వం నిర్దేశించిన ప్రమాణాల పట్టికలో బ్యాగు, క్వింటాలు, కిలో ఉన్నాయి. వాటితో పాటు పది గ్రోసులు, గ్రోసు గజాలు అన్నవి కూడా ఉన్నాయి. గజాల్లో గ్రోసు కొనేవారు నేడు ఎక్కడున్నారో తెలియదు గాని ఆంగ్ల వర్తకపు పాతబట్ట ఒకటి యంత్రంలోనూ మిగిలింది. వీసె, మణుగు, పుట్టి 1956 నాటి తూనికల చట్టం తరువాత బిల్లుల నుండి తొలగిపోయాయి. వాటిని తొలగించింది ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్ కాదన్నది స్పష్టం చేయాలి. ఏ నష్టమైనా కొత్త యంత్రానికి అంటగట్టడం తేలిక.

దీనికి ప్రతివాదం ఉన్నది. దానిని బలహీనంగా చెప్పడం న్యాయం కాదు. తెలుగు చిట్టా అందరిదీ కాదు. అది ఇంటి మగవారికి, నమ్మిన గుమాస్తాకు మాత్రమే తెలిసినది. అప్పు తీసుకున్న రైతుకు ఆవర్జాలో తన పేరిట ఏమి రాసి ఉన్నదో చదివే అవకాశం ఉండేది కాదు. చదవరాని రాతతో వడ్డీకి వడ్డీ కలిసిన కథలు మన నవలల్లోనే కాదు, ఊళ్ళలోనూ ఉన్నాయి. పోర్టల్‌లో నమోదైన బిల్లును అమ్మినవాడు తరువాత మార్చలేడు. చిన్న సరఫరాదారు తన బిల్లు ఫలానా తేదీన ఉన్నదని పెద్ద సంస్థ ముందు రుజువు చేయగలడు. ఇది చిన్న మేలు కాదు. కాని ఈ మేలు వర్తకునికీ వర్తకునికీ నడుమ మాత్రమే దక్కుతుంది. పన్ను నమోదు లేని రైతు, నేరుగా కొనే వినియోగదారుడు ఈ విధానానికి వెలుపలే ఉన్నారు. ఆవర్జా చదవలేకపోయిన మనిషికి క్యూఆర్ కోడు చదవగలిగే అవసరమే రాలేదు. తెలుగు వదిలినందుకు ప్రతిఫలంగా దక్కిన పారదర్శకత, తెలుగు రాత వల్ల నష్టపోయినవారికి చేరలేదు. ఈ మార్పును నేను పూర్తిగా స్వాగతించలేకపోవడానికి కారణం ఇది.

తెలుగును ఏ చట్టమూ బిల్లు నుండి వెళ్ళగొట్టలేదు. నమూనాలోని గడుల పేర్లు ఆంగ్ల సంక్షిప్తాలు; లెక్కల సాఫ్ట్‌వేర్ వాటికి అనుగుణంగా ఉన్నది; గుమాస్తా దానిని నేర్చుకున్నాడు. అంగడిలో మాట మాత్రం సాగుతున్నది. 'బిల్లు కొట్టు' అంటున్నారు, 'ఎంట్రీ వెయ్యి' అంటున్నారు. కొట్టడం టైపు యంత్రం నాటి క్రియ; వేయడం అంతకన్నా పాతది, తాటాకు మీద గంటం పడిన నాటిది కావచ్చు. నామవాచకాలు మూడుసార్లు మారినా క్రియలు తెలుగులోనే నిలిచాయి.

ఇక పుస్తకాల సంగతి. వస్తు సేవల పన్ను చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలను ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు నుండి 72 నెలలు భద్రపరచాలి. తరువాత ఉంచవలసిన అవసరం లేదు. కొత్త విధానానికి సిద్ధమయ్యే క్రమంలో అటకలు ఖాళీ చేసిన దుకాణాలు ఎన్నో. 1939కి ముందువి, తరువాతివి, కచ్చావి, పక్కావి అన్న తేడా లేకుండా ఖాతా పుస్తకాలు తూకానికి పోతున్నాయి. పాత కాగితం కొనేవాడు వాటికి బిల్లు ఇవ్వడు.